గాలి చాటు

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, ఒక ఆదివారం పొద్దున, టాటానగర్‌లో జుగ్సలాయి రైలుగేటు దగ్గర సైకిలు పందెం గీత మీద సైకిలు నిలబెట్టుకుని భీమారావు చుట్టూ ఉన్న కుర్రాళ్ళందరినీ లోపల్లోపలే బండబూతులు తిడుతున్నాడు. ఈ పందెం వరసగా తొమ్మిదేళ్ళు గెలిచినవాడతను. ఆ రోజుల్లో అతను వస్తుంటే జనం పక్కకి తప్పుకునేవారు. ఇప్పుడు మూతి మీద మీసం రానివాడొకడు "జరా హటో చాచా" అని మోచేత్తో తోసుకుని ముందుకెళ్ళాడు. ముప్పై ఏడేళ్ళకే బాబాయిట. ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? టాటానగర్ లోకోషెడ్డులో అతను పేరుకి ఫిట్టరు. పన్నెండేళ్ళుగా హాజరు వేయించుకుని ప్రాక్టీసుకి వెళ్ళిపోవడమే అతని డ్యూటీ. కిందటేడు ఐదోవాడిగా వచ్చాడు. మొన్న శుక్రవారం స్పోర్ట్సు ఆఫీసరు పిలిచి, ఈసారి మొదటి ముగ్గురిలో లేకపోతే ఒకటో తారీకు నుంచి షెడ్డులో షిఫ్టు డ్యూటీయే అని తేల్చేశాడు. ఇన్నాళ్ళూ దండలు వేయించుకున్న మనిషి ఇంజను కింద దూరి మొహం నిండా నల్లనూనె పులుముకోవాలి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. భార్య నూకాలమ్మకీ చెప్పలేదు. చెప్పడానికి నోరెలా వస్తుంది?

అందరికంటే ఎక్కువ కోపం ఆదిబాబు మీద. పలాస దగ్గరి పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. గమ్హరియాలో ఏదో చిన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. రోజూ తుక్కు సైకిలు మీద అంత దూరం పోయి వస్తుంటే చూసి, మూడేళ్ళ కిందట జాలిపడి పందెం తొక్కడం నేర్పింది భీమారావే. ఇప్పుడు వాడు ముగ్గురిలో వస్తే రైల్వేవాళ్ళు ఖలాసీగా ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారట. ఆ సంగతి వాడే పరిగెత్తుకొచ్చి చెప్పాడు, సంతోషంగా. భీమారావు మొహం చూసి కూడా వాడికేమీ అర్థం కాలేదు.

జెండా ఊపారు. స్టీలు కంపెనీ వాళ్ళిద్దరు ఖర్కాయి వంతెన దాటకముందే అందనంత దూరం పోయారు. వాళ్ళ వెనక ఆదిబాబు, వాడి వెనక భీమారావు. గమ్హరియా దగ్గర ఊరివైపు వెనక్కి మలుపు తిరిగేసరికి ఎదురుగాలి మొహాన కొట్టింది. భీమారావు తొడలు పట్టేశాయి. వెనక నుంచి పదిమంది కుర్రాళ్ళ గుంపు తరుముకొస్తోంది. మీ వంశాలు నాశనమైపోనూ అనుకుంటూ తొక్కాడు. ఎంత తిట్టుకున్నా కాళ్ళు కదలడం లేదు.

అప్పుడు ముందున్న ఆదిబాబు వెనక్కి తిరిగి చూశాడు. కావాలని జోరు తగ్గించి పక్కకి వచ్చాడు.

"నా ఎనకాలకి వచ్చీండి గురూగారూ. గాలి నాను కాత్తాను."

ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో తొక్కితే గాలంతా వాడికే తగులుతుంది, వెనకున్నవాడికి సగం కష్టం తప్పుతుంది. ఆ కిటుకు నేర్పింది భీమారావే. అలా గాలి కాసి తెచ్చినవాణ్ణి గీత దగ్గర దాటకూడదని నేర్పిందీ అతనే. గురువు ఆ కుర్రగుంపులో పడి నలిగిపోకుండా గౌరవంగా నాలుగోవాడిగా వస్తాడని ఆదిబాబు లెక్క. మూడో స్థానం గురువుకి ఎంత అవసరమో వాడికి తెలియదు.

వీడా నా మీద జాలిపడేది? భీమారావుకి కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా వాడి వెనక్కి చేరాడు. ఆదిత్యపూర్ దాటారు, వంతెన దాటారు. కుర్రగుంపు వెనకబడిపోయింది. ఆదిబాబు చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది, వాడి రొప్పు భీమారావుకి వినబడుతూనే ఉంది.

సోనారి ఏరోడ్రోము గోడ కనబడింది. పందెం ముగిసే గీత ఇంకో వంద గజాలుంది. భీమారావు చప్పున పక్కకి తప్పుకుని, ఉన్న సత్తువంతా పెట్టి తొక్కి, అర చక్రం తేడాతో ఆదిబాబుని దాటేశాడు.

మూడోవాడు! రైల్వేవాళ్ళు చప్పట్లు కొట్టారు. స్పోర్ట్సు ఆఫీసరు వచ్చి భుజం తట్టాడు. ఆదిబాబు సైకిలు గోడకి ఆనించి మెల్లగా నడిచొచ్చాడు. తిడతాడనుకుని భీమారావు నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాడు. వాడు తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"సరే గురూగారూ. మరి వచ్చే ఏడు ఎవుడెనకాల తొక్కుతారు?"

భీమారావు అందరి ముందూ వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు.

ఆఫీసరు "అరే, అరే" అంటూ అడ్డం వచ్చాడు. ఆదిబాబు చెంప తడుముకోలేదు, చెయ్యెత్తలేదు. రెండింటికి షిఫ్టు ఉందని ఎవరితోనో చెప్పి, సైకిలెక్కి గమ్హరియా వైపు వెళ్ళిపోయాడు. భీమారావు కొట్టిన చేతిని చంకలో దాచుకుని నిలబడ్డాడు. వాడి వెనకాల తొక్కినంతసేపూ తన ఊపిరి ఎంత హాయిగా ఆడిందో అతనికి తెలుసు. కొట్టింది అందుకే.