కుండ మీది అక్షరం

...అటు తిరగాల్సిన చెయ్యి ఇటు తిరిగింది, అంతే కదా. ముప్పయ్యేళ్లలో చెక్కిన అన్ని నాణేల అచ్చుల్లోనూ ఒక్క అక్షరం. లుసానియాస్ సీసం మీద కొట్టి చూసిన ముద్రను కిటికీ వెలుగులో మళ్లీ పట్టుకున్నాడు. ఆలివ్ దండ మధ్య గుడ్లగూబ, దాని కాళ్ల కింద అడ్డంగా పడుకున్న కుండ, కుండ మీద నెల అక్షరం. మూడో నెలకి మూడో అక్షరం, గామా. నిలువు గీత, దాని తల నుంచి కుడివైపుకి ఒక చెయ్యి ఉండాలి. ఇక్కడ అది ఎడమకి చాచుకుని ఉంది.

"కొడవలి వెనక్కి తిరిగిందేంటన్నా?" అన్నాడు సుత్తి వేసే సాదలాస్. థ్రేస్ నుంచి బానిసగా వచ్చి టంకశాలలోనే ముసలివాడవుతున్నాడు. "నాకు అక్షరం ముక్క రాదు గానీ, పోయినేడు అది ఇటు ఉండేదని గుర్తు."

"నాకూ కనిపిస్తోందిలేరా."

"కనిపిస్తే సరిచెయ్యి మరి. మధ్యాహ్నానికి అధికారి వచ్చి వెండి కొట్టమంటాడు. రేపు బజార్లో ఆ నాణేల పరీక్షకుడు, ఆ గద్దముక్కోడు చూశాడనుకో. మంచి వెండైనా సరే, దొంగదని అడ్డంగా కోసి దేవతల తల్లి గుడిలో పడేస్తాడు. తర్వాత కొరడా ఎవడి మీదికొస్తుంది? నీది పౌరుడి వీపు, దాని జోలికి రారు. నాది చవగ్గా దొరుకుతుంది."

వాడు నవ్వాడు. లుసానియాస్‌కి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తొమ్మిది రోజులుగా ఏదీ రావడం లేదు.

అచ్చులో అన్నీ తిరగేసి చెక్కాలి. అందుకే నాణెం రెండో వైపున అతనికి తెలిసిన ఎథీనా దేవత ఎప్పుడూ ఎడమకే చూసేది, ఊరందరికీ తెలిసిన ఎథీనా కుడికి. "నన్నూ తిరగేసే చదువుతావు నువ్వు. వద్దంటే కావాలన్నాననుకుంటావు," అనేది అతని భార్య గ్లుకిన్న. ఆమె పోయాక, సమాధి మీది పొట్టి రాతి కంబం మీద ఆమె పేరు తనే చెక్కాడు. రాతి మీద తిరగెయ్యక్కర్లేదు, చదివినట్టే చెక్కాలి. పేరులో మొదటి అక్షరం గామా దగ్గరే చెయ్యి మూడుసార్లు ఎడమకి జారబోయింది. పళ్లు బిగించి, జీవితంలో ఒక్కసారి, అందరూ రాసినట్టు రాశాడు. మర్నాడు ఈ అచ్చు చెక్కడానికి బల్ల ముందు కూర్చుంటే చెయ్యి ఇంకా సమాధి దగ్గరే ఉన్నట్టుంది.

తప్పు సీసం ముద్ర మీదే. అచ్చులో మాత్రం ఆ గామా సరిగ్గా ఉంది, రాతి మీద ఆమె పేరులో ఉన్నట్టే. పొద్దుటి నుంచీ అతన్ని కదలనివ్వనిది అదే.

"ఇంకో పక్కకి కూడా ఓ చెయ్యి గీకెయ్," అన్నాడు సాదలాస్.

"అప్పుడది టావ్ అనే వేరే అక్షరమవుతుంది. ఆ అక్షరానికి నెల లేదు."

"మరి?"

"ఉన్న చేతిని పూడ్చెయ్యాలి. చుట్టూ లోహాన్ని లోపలికి కొట్టి."

"కొట్టు మరి."

"చెక్కడమైతే తేలికరా."

సాదలాస్ తన రొట్టె విరిచి సగం బల్ల మీద పెట్టాడు. "వదిన పోయినప్పటి నుంచీ నువ్వు తిన్నది లేదు. ఇదిగో, ఇది నవులు." గొంతు తగ్గించాడు. "చెయ్యలేకపోతే చెయ్యలేనని చెప్పన్నా. నేను ఇలాగే కొట్టేస్తాను. వీపు సంగతి నేను చూసుకుంటాలే."

వాడి గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. అదే భరించడం కష్టమైంది. తన దుఃఖాన్ని మొయ్యడానికి ఇంకొకడి వీపు సిద్ధంగా ఉంది, అదీ అడగకుండానే. గ్లుకిన్న ఉంటే ఏమనేదో తిరగేసి చదవనక్కర్లేదు.

ఎంత అలసట. ఉలుల వరస మీదికి చెయ్యి చాచడానికే ఒళ్లంతా కూడగట్టుకోవాల్సి వచ్చింది. పదునైనవన్నీ వదిలేసి మొద్దుదాన్ని తీశాడు. గామా చేతి అంచు మీద దాన్ని ఆనించి, సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు.