ఎనిమిది పేజీల అర్జీ

"పంతులుగారూ, మీరు అసలు అర్జీ రాశారా అండీ?"

అరుగు కింద నిలబడి పోతయ్య ఆ మాట అనేసరికి సోమయాజులుకి అరికాలి మంట నెత్తికెక్కింది. రాశారా అట! అవనిగడ్డలో ఎవరినైనా అడగండి, అర్జీ అంటే సోమయాజులే. కచేరీ పనైనా, కరణంగారితో తగాదా అయినా జనం ఆయన అరుగెక్కాల్సిందే. గుడివాడ షావుకార్లు పెళ్ళిళ్ళకు స్వాగతపత్రాలు ఆయన చేతే రాయించుకునేవారు. అలాంటి మనిషిని పట్టుకుని, వేలిముద్ర వేసేవాడు అడిగే మాటేనా ఇది?

కానీ పోతయ్య బాధ పోతయ్యది. నాగాయలంక దిగువన వాళ్ళ పల్లె. భాద్రపదంలో వచ్చిన గాలివానకు అక్కడి కరకట్ట తెగి గండి పడింది. దాన్ని పూడ్పించమని బందరులో కరకట్టల పనులు చూసే దొరకు రాయమని పల్లె అంతా వచ్చి సోమయాజులుకి చెప్పుకుంది. ఆయన ఎనిమిది పేజీలు రాసి పంపాడు. నెల తిరిగినా ఒక్క పురుగు కూడా అటు తొంగిచూడలేదు. ఈలోగా దీపావళి అమావాస్య పోటుకు సముద్రపు నీళ్ళు గండిలోంచి ఎక్కి పల్లం చేలన్నీ మాడ్చేశాయి. పోతయ్యకున్న చేను మొత్తం అందులోనే పోయింది. మెరక చేలు ఇంకా పచ్చగా పొట్టమీదున్నాయి. కార్తీక పున్నమికి పదిరోజులు ఉన్నాయి. ఆలోగా గండి పూడకపోతే మళ్ళీ పోటు వచ్చి అవీ పోతాయి. పల్లెలో ఆ ఏడు తినడానికి గింజ ఉండదు.

"గాడిదకేం తెలుసు గంధపు వాసన!" అని సోమయాజులు ఉత్తరీయం విదిలించి లేచాడు. తప్పు ఆ కచేరీ వాళ్ళది. తనే వెళ్ళి నలుగురిలో కడిగేస్తానన్నాడు. పోతయ్యతో పాటు వాళ్ళమ్మ అన్నమ్మ కూడా బయల్దేరింది. ముసలిదానివి, నీకెందుకు అన్నా ఆవిడ ఆగలేదు.

పులిగడ్డ దగ్గర పడవలో కృష్ణ దాటి, బండి కట్టించుకుని, బందరు చేరేదాకా ఆయన నోరు మూతపడలేదు. తను చదువుకున్నది అదే బందరులో, గొప్ప పండితుడి దగ్గర, ఆరేళ్ళు. ఉన్నమాట ఉన్నట్టు అనడం పశువుల కాపరి పని, దాన్ని అందంగా అనడం పండితుడి పని అని గురువుగారు నేర్పారు. అడుక్కునేవాడు కూడా ఇల్లాలిని నాలుగు దీవెనలు దీవించి గానీ గిన్నె చాపడు, అలాంటిది ఏలినవారిని అడిగేటప్పుడు ఎంత రాయాలి అనేవారు. ఆ ఆరేళ్ళూ గుంజీలు తీసి నేర్చుకున్న శైలి అది. దాని విలువ తెలియని వాళ్ళంతా కచేరీల్లో చేరి కూర్చున్నారని, వాళ్ళ చదువులు మండిపోనూ అని దారిపొడుగునా తిడుతూనే ఉన్నాడు. తల్లీకొడుకులు వింటూ కూర్చున్నారు.

కచేరీలో గుమాస్తా నరసింహారావు నెమ్మదస్తుడు. సోమయాజులు అరిచినంతసేపు అరవనిచ్చి, బీరువాలోంచి కట్ట తీసి, అర్జీ వెతికి బల్లమీద పెట్టాడు. దాని వెనక ఎర్ర సిరాతో రెండు వాక్యాలున్నాయి. దివిసీమ రైతులు దొరవారికి కృతజ్ఞతలు తెలుపుకొన్నారు. చర్య అక్కరలేదు.

"కృతజ్ఞతలా?" అన్నాడు సోమయాజులు.

"కోప్పడకండి పంతులుగారూ. నాకు రోజూ ఇలాంటివి నలభై వస్తాయి. మూడు పేజీలు శ్రద్ధగా చదివాను. మూడింట్లోనూ మా దొర చంద్రుడు, కల్పవృక్షం, శ్రీరాముడు. ఏదో మేలు జరిగింది కాబోలు, సంతోషించి రాశారనుకున్నాను. గండి అని ఎక్కడుందో మీరే చూపించండి."

సోమయాజులు కాగితాలు లాక్కున్నాడు. నాలుగో పేజీలో కృష్ణవేణి వర్ణన. అయిదులో రైతుల రాజభక్తి. ఆరో పేజీ అడుగున దొరికింది. జలధి తన తరంగహస్తములతో భవత్ప్రజల సస్యములను స్పృశింప నుత్సహించుచున్నాడు! ఆ వాక్యం తట్టిన రోజు ఆయనకు బాగా గుర్తుంది. వంటింట్లో ఉన్న భార్యను పిలిచి రెండుసార్లు చదివి వినిపించి మురిసిపోయాడు. గండి అనే మాట చిత్తుప్రతిలో ఉండేది. మోటుగా ఉందని తనే కొట్టేశాడు.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలో మాత్రం తెలియలేదు. గుమాస్తామీద మండిపడబోయాడు, పాపం వాడు చదివినంత చదివాడు. గురువుగారిమీద మండిపడబోయాడు, ఆయన కావ్యం నేర్పారు గానీ కరకట్ట సంగతి రాయమనలేదు. ఆరేళ్ళూ నేర్చుకున్నది ఇదా? ఊరు మునుగుతుంటే సముద్రాన్ని పొగడడమా? ఆ మాటలు పేర్చుకుంటున్నంతసేపూ పోతయ్య చేను తన కళ్ళముందుకు ఒక్కసారి కూడా రాలేదు. ఛీ, తన చదువూ ఒక చదువేనా!

కాగితంలో ఏముందని అన్నమ్మ అడిగింది. నరసింహారావు తలొంచుకుని చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. కొంగు నడుముకు బిగించి వరండాలో చతికిలబడింది.

"కాయితం తియ్యండి. నే చెబుతా, రాయండి."

సోమయాజులు కలం ముంచాడు. చెయ్యి అలవాటు కొద్దీ మహారాజరాజశ్రీ అంటూ పరుగెత్తింది. అన్నమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ కలం వంకే చూస్తోంది.

"నేనింకా నోరే తెరవలేదు గదండీ. ఏం రాస్తన్నారు?"

ఆయన ఆ కాగితం చింపేసి వేరేది తీశాడు. అప్పుడు చెప్పింది. "మా కరకట్టకి గండి పడింది. ఉప్పునీళ్ళొచ్చి సగం చేలు పోయినయ్యి. పున్నమిలోగా పూడ్చకపోతే మిగతా సగం పోద్ది. మనుషుల్ని పంపండి."

ఆయన రాశాడు. పక్కన పల్లె పేరు వేశాడు. రాసినదాన్ని చూసుకుంటే ఒంటిమీద బట్ట లేనట్టనిపించింది.

"ఇది అర్జీ కాదు అన్నమ్మా. అరుపు."

"అరవటానికేగదండీ ఇంత దూరం వచ్చింది."

నరసింహారావు దాన్ని లోపలికి తీసుకెళ్ళి ఇంగ్లీషులో చెప్పాడు. దొర తనే వరండాలోకి వచ్చాడు. గండి ఎంత వెడల్పు, ఎంత లోతు అని పోతయ్యను అడిగి రాసుకున్నాడు. మూడోనాటికి తాటిదుంగలు, మట్టి బస్తాలు, అరవైమంది కూలీలు పల్లెకు చేరారు. పున్నమికి రెండు రోజుల ముందు గండి పూడింది. పోటు వచ్చి కట్టను తన్ని వెనక్కు పోయింది. మెరక చేలు దక్కాయి.

కోతలయ్యాక మెరక రైతులు అరటిగెల మోసుకుని అరుగు దగ్గరకు వచ్చారు. తమరు కలం పట్టబట్టి ఊరు నిలిచిందన్నారు. మీ రాతే రాత అన్నారు. సోమయాజులు వాళ్ళను కసిరి పొమ్మన్నాడు. పెద్దమనిషికి వినయం ఎక్కువని మెచ్చుకుంటూ వాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళ వెంట వచ్చిన అన్నమ్మ మాత్రం వెళ్ళలేదు. పోతయ్య నాలుగు రోజుల కిందటే కాకినాడ వెళ్ళి, కూలిపనికి బర్మా పోయే రంగం ఓడ ఎక్కాడట. చేను ఉప్పుతేలిపోయింది, మూడేళ్ళదాకా ఏమీ పండదు, ఇక్కడుండి ఏం చేస్తాడని నెమ్మదిగానే చెప్పింది. కొడుక్కి ఉత్తరం రాయించుకోవడానికి వచ్చిందనుకుని ఆయన కాగితం తీశాడు. ఆవిడ వద్దని తలూపింది.

"గండి పడింది, మనుషుల్ని పంపండి అని బందర్లో నే చెప్పిన ముక్కలు నా సొంతం కాదండి పంతులుగారూ. భాద్రపదంలో ఈ అరుగుమీదే మావోడు మీకు చెప్పినయ్యే."

ఆ మాట అనేసి ఆవిడ రోడ్డెక్కింది. సోమయాజులు పిలుద్దామని నోరు తెరిచాడు. ఆరేళ్ళ చదువులో ఆవిడకు చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు.