బుధవారపు నిపుణురాలు

కూతురి తల దువ్వుతుండగా ఫోన్ మోగింది. ఈతకొలను పక్కన బట్టలు మార్చుకునే గది అది. తడి బల్ల మీద ఎనిమిదేళ్ల నోర్, దాని వెనక దువ్వెన పట్టుకుని రలిత్స, ఆమె కాళ్ల దగ్గర దగ్గుతూ నాలుగేళ్ల కొడుకు లోవీ. క్లోరిన్ నీళ్లలో నానిన జుట్టు చిక్కు తీయడం కన్నా సంకీర్ణ ప్రభుత్వాన్ని నిలబెట్టడం తేలిక అని ప్రతి వారం లాగే ఆ వారం కూడా అనుకుంటోంది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చెప్పండి అంది. అవతల టీవీ వార్తల విభాగంలో పనిచేసే ఒకమ్మాయి. ఉత్తరాన ఒక చిన్న దేశంలో ప్రభుత్వం పడిపోయిందట. రైతుల పార్టీ మద్దతు తీసేసుకుందట.

“నాలుగేళ్ల కిందట మీరు రాసింది చదివానండి. ఇలా అవుతుందని మీరొక్కరే చెప్పారు. సాయంత్రం ఏడింటి వార్తలకి స్టూడియోకి రాగలరా?”

దువ్వెన ఆగిపోయింది. మీరొక్కరే అన్న మాట ఆమెతో ఎవరైనా అని ఎన్నాళ్లయిందో. పెళ్లయిన కొత్తలో మొగుడు వౌటర్ ఆ మాట అంటుండేవాడు, అయితే అది వేరే సందర్భం.

“అమ్మా, లాగకు, నొప్పి.”

“ఒక్క గంటలో చెప్తానండి,” అంది రలిత్స ఫోన్లోకి.

వస్తానని అప్పుడే ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలుసు. ఆ రోజు బుధవారం. బ్రసెల్స్‌లో బుధవారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం కాగానే బడి గేటు దగ్గర అమ్మలు, అమ్మమ్మలు, నానమ్మలు బారులు తీరతారు. మధ్యలో ఎక్కడో ఒక నాన్న కనిపిస్తాడు, ఆయన్ని చూసి అందరూ అబ్బో ఎంత మంచివాడో అని మురిసిపోతారు. రలిత్సను చూసి ఇంతవరకు ఎవరూ మురిసిపోలేదు. లోవీ పుట్టాక ఆమె వారానికి నాలుగు రోజుల ఉద్యోగంలోకి మారింది. జీతం నాలుగు రోజులది, పని మాత్రం అయిదు రోజులదీ అలాగే ఉంది. పైగా యూరప్‌ను ఏలే కమిషన్ వాళ్లు కొలువు తీరేది కూడా బుధవారమే. ఖండమంతా నోరు తెరిచే రోజున రలిత్స సూప్ కలుపుతూ ఉండాలి. నాలుగు రోజుల సంగతి తేలిన రోజు వౌటర్ ఎంత ప్రేమగా చెప్పాడో ఆమెకు ఇంకా గుర్తే. “నీది ఆలోచించే ఉద్యోగం కదా రలీ. ఆలోచనలు ఎక్కడున్నా వస్తాయి. నాది మనుషులతో పని.” అతను ఒక బీరు కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాడు. ఇంట్లో ఉన్నవాళ్లు మనుషుల లెక్కలోకి రారా అని ఆమె అడగలేదు. అడిగితే బాగుండేదని ఆ తర్వాత చాలా బుధవారాలు అనుకుంది.

ట్రామ్ ఎక్కీ ఎక్కకముందే రెండో ఫోన్ వచ్చింది. రాజకీయాల మీద అధ్యయనాలు చేసే ఒక థింక్ ట్యాంక్‌లో ఆమె ఉద్యోగం. ఫోన్లో దాని డైరెక్టర్, ఫాబ్రీస్.

“రలిత్సా, పిల్లలతో ఉన్న రోజు నిన్ను కదిలించడం నాకే బాధగా ఉంటుంది. వార్త విన్నావుగా. టీవీకి నేను వెళ్తున్నాలే. నువ్వో నాలుగు ముక్కలు రాసి పంపు చాలు.”

“వాళ్లు నన్ను రమ్మన్నారండి.”

“అలాగా. నీకు కుదురుతుందా మరి? నీ బుధవారం కదా ఇవాళ.”

“కుదుర్చుకుంటాను. ఒక్క గంట టైమివ్వండి.”

“తప్పకుండా. నువ్వెళ్తే నాకన్నా సంతోషించేవాడు ఎవడు? ఈలోపు ఆ నాలుగు ముక్కలు మాత్రం పంపెయ్, చేతిలో ఉంటే మంచిది.”

ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా సెలవులో ఉంటే వాళ్ల బదులు డైరెక్టర్ మాట్లాడతాడు. ఆయన ఒకసారి మాట్లాడాక దానికి ఎదురు ఎవరూ బయట నోరెత్తకూడదు. సంస్థకు ఒకే గొంతు ఉండాలంటాడు ఫాబ్రీస్. ఆ ఒక్క గొంతూ ఎవరిదో ఎవరూ అడగరు. ఏళ్ల తరబడి రలిత్స రాసిచ్చిన ముక్కలు ఆయన నోట వింటూ వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చేతులు తిప్పుతూ ఉదారంగా పంచేవాడు. కానీ ఈసారి సొమ్ము వేరు. ఆ సంగతి రాసే నాటికి నోర్ చిన్నపిల్ల, లోవీ ఇంకా కడుపులో ఉన్నాడు. ఆ చలికాలం ఆమె ఆ ఉత్తరాది దేశంలో పాడి రైతుల వెంట కొట్టాలన్నీ తిరిగింది. పెద్ద డెయిరీలను అదుపు చేయడానికి తెచ్చిన చట్టం నుంచి చిన్న కొట్టాలను తప్పిస్తామని ప్రభుత్వం మాటిచ్చి తప్పింది. రైతుల పార్టీతో ఈ పొత్తు ఎప్పుడు విరిగినా పాల దగ్గరే విరుగుతుందని రాసింది. “పాలూ పేడా ఎవరు చదువుతారు? వలసల గురించి రాయి, అందరూ అదే అంటున్నారు,” అన్నాడు ఫాబ్రీస్. ఆమె పట్టుబడితే చివరికి సంస్థ పత్రికలో ఆఖరి పేజీలు ఇచ్చాడు. ఇంటికొస్తే వౌటర్ ముక్కు మూసుకుని నవ్వాడు. “అంత దూరం పోయి నువ్వు తెచ్చింది ఈ వాసనేనా?” తనకు తెలిసిన సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి కూడా దొరకక, ఆ ఏడాదంతా లోవీకి నీళ్లు పోస్తూ తన పుట్టింటి భాష బల్గేరియన్‌లో వాడితోనే చెప్పుకునేది. వాడు నీళ్లు చిమ్మేవాడు. మాటలొచ్చాక తండ్రి భాష ఫ్లెమిష్‌లో జవాబివ్వడం మొదలెట్టాడు.

ఇల్లు చేరగానే వౌటర్‌కి ఫోన్ చేసింది.

“ఆరింటికల్లా రాగలవా? నన్ను టీవీకి రమ్మంటున్నారు.”

“ఇవాళా? బుధవారం నీది కదా రలీ.”

“ఒక్కసారికి.”

“నాకు మీటింగుంది. అయినా నువ్వే వెళ్లాలా? మీ ఫాబ్రీస్ ఉన్నాడుగా. ఎవరు చెప్పినా పడిపోయిన ప్రభుత్వం పడిపోయినట్టే కదా.”

“అది ఎందుకు పడిందో నాకు తెలుసు.”

“అమ్మనడుగు,” అన్నాడు అతను, అప్పటికే ఎవరితోనో పక్కకి తిరిగి మాట్లాడుతూ.

అత్తగారు హోదెలీవ ఆల్స్ట్ ఊళ్లో ఉంటుంది. ఎప్పుడు పిలిచినా కాదనదు, ఎప్పుడూ ఊరికే అవుననదు కూడా.

“రాకేం అమ్మాయ్, వస్తాను. పిల్లాడికి దగ్గన్నావు కదూ? మా రోజుల్లో బిడ్డకి దగ్గుంటే చర్చికి కూడా వెళ్లేవాళ్లం కాదు. టీవీలో మా అబ్బాయి పరువు నిలబెడతానంటే నాకూ సంతోషమే అనుకో.”

“చాలా థాంక్స్ అత్తయ్యా.”

“ఇవాళ రైళ్ల సమ్మె మరి. వౌటర్ని కారేసుకుని రమ్మను, క్షణంలో తయారవుతాను.”

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎక్కడ బయలుదేరినా దారి మళ్లీ వౌటర్ దగ్గరికే తిరిగొస్తోంది. మూడు భాషల్లో పని చేసుకుంటుంది ఆమె. ఆ మూడింటిలో దేంట్లోనూ ఒక సాయంత్రం పిల్లల్ని చూడమని నిస్సంకోచంగా అడగగల స్నేహితురాలు లేదు. బడి గేటు దగ్గర పలకరించే తల్లులున్నారు, వాళ్లు ఫలానా పిల్లల అమ్మలుగానే తెలుసు. చివరికి పై అంతస్తు ముసలావిడ తలుపు తట్టింది. ఆవిడ ఇంట్లో లేదు. పిల్లల్ని వెంటబెట్టుకునే స్టూడియోకి పోదామని నిశ్చయించుకుని లోవీకి కోటు తొడుగుతుంటే టీవీ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది.

“మీకు వీలు కావట్లేదటగా, పర్లేదండి. మీ డైరెక్టర్ గారు వస్తున్నారు. ఆయనే చెప్పారు.”

“వీలు కాదని నేను అనలేదే.”

“అయ్యో. ఇప్పుడు అంతా ఖాయం చేసేశామండి.”

ఫాబ్రీస్ నుంచి మెసేజ్ ఉంది. ముక్కలు ఇంకా రాలేదే అని, పక్కన నవ్వు ముఖం. రలిత్స లోవీ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. హ్యామ్ చుట్టిన షికోరీ ఆకు మొగ్గల మీద చీజ్ తురిమి ఓవెన్లో పెట్టింది. ముక్కలు పంపలేదు. అన్నేళ్లలో పంపకపోవడం అదే మొదటిసారి. కసిగానే పంపలేదు, ఆ మాట తనతో తాను ఒప్పుకుంది కూడా. కెమెరా ముందు ఆయన నాలుక పిడచకట్టుకుపోవాలని, ఇంట్లో కూర్చుని అది చూడాలని ఆమెకు గట్టిగా ఉంది.

ఏడు కాకముందే వౌటర్ వచ్చేశాడు.

“మీటింగ్ తొందరగా అయిపోయింది,” అంటూ బూట్లు విప్పాడు. “నువ్వు వెళ్లలేదా? మంచిదేలే, బయట వాన.”

టీవీ తనే పెట్టాడు. ఫాబ్రీస్ నీలం టై కట్టుకుని కూర్చున్నాడు. ఎందుకు పడిపోయిందని అడిగారు. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వలసలన్నాడు. సరిహద్దులన్నాడు. జనంలో భయం ఉందన్నాడు. మా సంస్థ నాలుగేళ్ల కిందటే హెచ్చరించిందన్నాడు. అడిగిన ఆవిడ తలూపుతూనే ఉంది. పాల మాట లేదు, రైతుల పార్టీ పేరైతే ఎత్తాడు గానీ వాళ్లు ఎందుకు అలిగారో చెప్పలేదు. కార్యక్రమం అయిపోయింది, వాతావరణ వార్తలు మొదలయ్యాయి. ఆయన తడబడతాడని ఆమె అనుకున్నది ఎంత వెర్రితనమో అప్పుడు తెలిసొచ్చింది. నిజం లేకపోయినా ఎవరికీ లోటు కనిపించలేదు. ఆ పూట ఆ ఊరి మొత్తం మీద అది తప్పని తెలిసిన మనిషి తనొక్కతే అయ్యుంటుందని ఆమెకు అనిపించింది. అంత ఒంటరితనం పరాయి దేశంలో దిగిన మొదటి రోజున కూడా ఆమె ఎరగదు.

“చూశావా, ఎంత బాగా చెప్పాడో,” అన్నాడు వౌటర్ ఫోర్క్‌తో షికోరీ కోస్తూ. “నువ్వు అనవసరంగా హైరానా పడ్డావు.”

“తప్పు చెప్పాడు.”

“తప్పా?” వౌటర్ తలెత్తాడు. “నీకెలా తెలుసు?”

అతను వెటకారం చేయలేదు. వెటకారమైతే ఆమె దగ్గర జవాబుండేది. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, వాన పడుతుందని నీకెలా తెలుసని అడిగినంత మామూలుగా. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈయనగారికి పెరట్లో చెట్టుందని కూడా తెలియదు. పదకొండేళ్లుగా ఒక బల్ల దగ్గర తింటున్నారు. ఆమె రాసినవి ఈ బల్ల మీదే, పిల్లల ప్లేట్లు పక్కకి జరిపి రాసింది. రలిత్సకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే ఆ సాయంత్రం మరో రకంగా, ఎప్పటిలాగే, గడిచిపోయి ఉండేది.

ఆమె లేచి నడవాలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. కోట్ల మధ్య నిలబడి టీవీ అమ్మాయికి ఫోన్ చేసింది.

“ఇందాక మీరు చెప్పించింది తప్పండి. అసలు కారణం నేను చెప్తాను. ఎప్పుడు వేసుకుంటారో మీ ఇష్టం, ఇప్పుడే రికార్డు చేసుకోండి.”

“మీ డైరెక్టర్ గారికి ఎదురు మాట్లాడినట్టవుతుంది కదండీ. మీ సంస్థలో ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోరు.”

“ఉద్యోగానికేమైనా అయితే...”

“అవుతుంది. నాకు తెలుసు.”

“రలీ,” అని లోపలి నుంచి వౌటర్ కేక వేశాడు. “వీడి దగ్గు మందెక్కడుంది?”

ఎక్కడుందో ఆమెకు తెలుసు. చెప్పలేదు. ఇల్లు అతనిది కూడా, వెతికితే దొరుకుతుంది.

“సరేనండి, రికార్డు పెడుతున్నాను,” అంది ఆ అమ్మాయి. “తెర మీద మీ పేరు వేస్తాం కదా, దాని కింద ఏం రాయమంటారు? ఏ సంస్థ అనో, ఎవరి తరఫున అనో ఏదో ఒకటి ఉండాలి.”

“పేరు ఒక్కటే వేయండి,” అంది రలిత్స. “కింద ఎవరూ వద్దు.”