బిర్యానీకి కాపలా

కుట్టవు, కరవవు. అయినా నా పరువు తీసిన పురుగులవి. కూర్మన్నపాలెం దగ్గర ఓ కాలనీ మురుగునీటి ప్లాంటులో నేను ఆపరేటర్ని. తొట్ల గోడల పాచిలో ఎర్రటి పిల్ల పురుగులు పుడతాయి. రెక్కలొచ్చాక దోమల్లా ముసురుకుని, తెల్ల లైటు ఎక్కడుంటే అక్కడికి ఎగబడతాయి. పోయిన నెల మా గోడ అవతల గులాబ్ బీ మనవరాలు అనమ్ నిశ్చితార్థంలో సేమ్యా పాయసం నిండా అవే. మగపెళ్లివారు గిన్నెలు పక్కన పెట్టి లేచిపోయారు.

"నీలకంఠం! నిఖా నాడు బిర్యానీలో ఒక్క పురుగు పడిందా, ఇక నా ఇంటి చాయ్ నీకు హరామే!" అంది గులాబ్ బీ. పదకొండేళ్లుగా రోజూ గోడ మీదుగా అందే చాయ్ అది. నా ప్రాణం గిలగిల్లాడింది.

వారం రోజులు పాచి గీకాను, పైపుతో కడిగాను, పిల్ల పురుగుల్ని చంపే మందు కలిపాను. నిఖా రోజు పొద్దున్న చూస్తే తొట్లలో ఒక్క ఎర్ర పురుగూ లేదు.

"సూసావా బావా, నానంటే ఏటనుకున్నావ్!" అని తోటి ఆపరేటర్ ఎల్లారావు ముందు మీసం మెలేశాను.

సాయంత్రం అవతల షామియానాలో లైట్లు వెలిగాయి. అంతే! మందు పడకముందే రెక్కలు తెచ్చుకున్న దొంగముండలన్నీ గట్టు మీది గడ్డిలోంచి ఒక్కసారిగా లేచాయి.

"ఓర్నాయనో! పిల్లల్ని సంపినాం గానీ పెద్దల్ని మర్సిపోనాం బావా!" అన్నాడు ఎల్లారావు.

"నువ్వెల్లి ఆ తెల్ల లైట్లన్నీ ఆర్పించి, పసుపువే ఉంచమను. ఇక్కడ నాను సూసుకుంటాను!"

అతను గోడ దూకాడు. నేను ప్లాంటులోని ఫ్లడ్‌లైట్లన్నీ వేసి, వాటి కింద చేతులు చాపి నిలబడ్డాను. "రండర్రా, ఇటు రండి!" వచ్చాయి! చెవుల్లోకి, ముక్కులోకి, మెలేసిన మీసంలోకి. పూనకం వచ్చినవాడిలా గెంతుతున్నాను, నవ్వు ఆగితేనా!

వడ్డన సగమయ్యాక గులాబ్ బీ మూత పెట్టిన పళ్లెంతో గేటు తోసుకుని వచ్చింది.

"ఒక్కటీ పడలేదు బేటా! మగపెళ్లివాళ్లు మారు వడ్డించుకుంటన్నారు!"

మూత తీశాను. తీసీ తీయగానే ముక్క మీద ఏడెనిమిది వాలాయి.

"లైటార్పి తిను."

"ఆర్పితే మీ పందిట్లోకే వచ్చేత్తాయి బీబమ్మా. ముందు మీ సుట్టాల్ని తిననీ."

ఆమె పెళ్లికని కట్టుకున్న కొత్త పట్టుచీర కొంగు పరిచి, నా తలనీ పళ్లాన్నీ కలిపి కప్పేసింది.

"ఇప్పుడు తిను."

కొంగు బయట ఆమె తుమ్ముతూ, పురుగుల్ని ఉర్దూలో తిట్టిపోస్తోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, పొలమారి దగ్గాను.

"మెల్లగా తినరా! రేపు చాయ్‌కి గోడ కాడికి రాలేదో, సంపేత్తాను!" అంది.