శేషగిరి మేడ తలుపులు

దివిసీమ ఉప్పెనకు రెండేళ్లు నిండిన రోజున అరబ్బు దేశంలోని సూర్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో తెలుగువాళ్లు ప్రార్థనకు కూడారు. పోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు నర్సు మేరీకుమారి, ల్యాబులో పనిచేసే యెహెజ్కేలు భార్య సారమ్మ పేరును అందరికంటే ముందు, నెమ్మదిగా చదివింది. ఆ దయకు ఆయన తల వంచాడు.

తర్వాత అలవాటుగా ఎవరికొచ్చిన ఉత్తరాలు వాళ్లు పైకి చదివారు. సొంతూళ్లో అమ్మకానికున్న ఇళ్ల కబుర్లూ వాటిలోనే వచ్చేవి.

"మా బావ రాశాడు, వినండి," అన్నాడు ప్రసాద్ బాబు. "రేవు పక్కన పెంకుటిల్లు. ఆ తర్వాత శేషగిరి గారి మేడ."

యెహెజ్కేలు చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఉప్పెన వచ్చిన సాయంత్రం నీళ్లు మెడదాకా వస్తుంటే ఆయనా సారమ్మా బాదింది ఆ మేడ తలుపులే. శేషగిరి కిటికీలోంచి చూసి కూడా గడియ తీయలేదు. యెహెజ్కేలు ముళ్లకంచెకు చిక్కి బతికాడు. సారమ్మ దొరకనే లేదు.

"మేడ నేను కొంటాను. రాసెయ్."

"ఆ పాడు కొంప ఎందుకన్నయ్యా? కూలగొట్టిస్తావా?" అంది మేరీకుమారి.

"కూలిస్తే, మళ్లీ ఉప్పెనొస్తే జనం ఎక్కడికెక్కుతారమ్మా? ఒక్కటే షరతు. వీధి తలుపులు శేషగిరే తన చేత్తో, ఊరంతా చూస్తుండగా ఊడదీయాలి. నేను సెలవుపెట్టి వెళ్లి ఎదురుగా నిలబడతాను."

"ఒప్పుకోకపోతే?" అంది మేరీకుమారి.

"ఆ మేడ వైపు చూసేవాళ్లే లేరు, ఇంకెవరు కొంటారు?"

ప్రసాద్ బాబు నవ్వబోయి, ఆయన మొహం చూసి కలం మూత తీశాడు. "తలుపులేం చేద్దామన్నయ్యా?"

"ఊరి చర్చి ముందు బల్ల చేయిద్దాం. ఏటా ఈ రోజున పేర్లు చదువుతుంటే శేషగిరి దానిమీదే కూర్చుని వినాలి. అదీ రాయి."