పొట్టిగా కత్తిరించిన మాట

కుట్టుపనివాడు కుట్రపనివాడు కావడానికి పద్నాలుగు ఎపిసోడ్లు పట్టింది.

ఆల్టరేషన్ల కొట్టు నడిపే ఆయన్ని అందరూ టేపు మేస్త్రి అంటారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, చూసినా గుర్తుపట్టరు. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతు నడుములు వదులు చేయడం ఆయన పని. భార్యది రఫ్ఫు పని. చిరిగినచోట ఆమె దారం మీద దారం అల్లిందంటే, చిరుగు ఎక్కడుండేదో ఆ కోటుకే గుర్తుండదు.

ఆమె ఎడమ కంటికి ఆపరేషన్ జరిగి పది రోజులైంది. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుందని డాక్టరు రెండింటికీ కట్టు కట్టాడు. సోమవారం విప్పుతారు. ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితాన్ని మేస్త్రే ఆమెకు చదివి వినిపించాడు, ఒక్క ముక్క తప్ప. ‘ఎడమ కంటి చూపు మునుపటిలా రాకపోవచ్చు. సూది పని మానుకోవడం మంచిది.’ అక్కడికి రాగానే ఆ ముక్క దాటేసి కింది దానికి దిగిపోయాడు. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. ఆ తర్వాత రాలేదు, సోమవారం మాత్రం వచ్చేస్తోంది. ఆమేమో కట్టు విప్పగానే ఎవరి కోటు ముందు పట్టాలో రోజూ వరస చెబుతోంది.

పొద్దుపోవడానికని మరదలు తన ట్యాబులో కొరియా సీరియల్ ఒకటి పెట్టి ఇచ్చింది. “అక్కకి నువ్వే చదివి వినిపించాలి బావా. ప్రేమకథే. కాకపోతే మధ్యమధ్యలో శవాలుంటాయి.”

మేస్త్రికి మొదట్లో అది కొరకరాని కొరియా. మనుషుల్ని వదిలేసి కోట్లు చూస్తూ కూర్చునేవాడు. చేతులు రెండంగుళాలు ఎక్కువ, లోపల దాచి కుట్టేయొచ్చు. నాలుగో ఎపిసోడ్‌కి మనుషులు కనబడ్డారు. ఆ సీరియల్‌లో ఒక సీరియల్ హంతకుడు. హీరోయిన్ పోలీసు, తన అక్కని చంపినవాడి కోసం వెతుకుతుంటుంది. చంపింది హీరో తమ్ముడే. హీరోకి తెలుసు. ఆ పిల్లంటే ప్రాణం. చెప్పడు.

అక్కణ్ణించి మేస్త్రికి కుదురు పోయింది. మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, తెర కింద తెలుగులో పడే అక్షరాలు పైకి చదువుతూ, కాలు ఆడిస్తూ, ఆపి, మళ్ళీ ఆడిస్తూ ఉండేవాడు.

“చెప్పి చావడేం వీడు! నోట్లో గుండుసూదులు పెట్టుకున్నాడా?” అందామె ఓ రోజు, ఎపిసోడ్ అయ్యాక మేస్త్రి ప్యాంటు అంచు మడుస్తుంటే.

ఆ క్షణంలో మేస్త్రి నోట్లో నిజంగానే మూడు గుండుసూదులున్నాయి. తీసి బల్ల మీద పెట్టాడు.

“చెబితే పిల్ల బాధపడుతుందనేమో.”

“పడనివ్వండి. బాధ ఆ పిల్లది. దాచిపెట్టడానికి వీడెవడు?”

పదిహేనో ఎపిసోడ్ నాటి పొద్దున మేస్త్రి ఇక ఉండలేకపోయాడు. చెప్పాక ఆ పిల్ల ఏం చేస్తుందో తేలాలి. ట్యాబు చంకలో పెట్టుకుని ట్రయల్ రూములో దూరి, తెర లాగి, ముందుకు నడిపి చూశాడు. హీరో అంతా చెప్పాడు. ఆ పిల్ల లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

బయట ప్యాంటు వేసి చూసుకుందామని నిలబడ్డ ఖాతాదారుడు అరిచాడు. “మేస్త్రీ, లోపల ఎవరైనా ఉన్నారా?”

“శవం” అన్నాడు మేస్త్రి బయటికొస్తూ. ముఖం చూస్తే అబద్ధం కాదనిపించింది.

మధ్యాహ్నం అదే ఘట్టం వచ్చింది. తెర మీద హీరో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మేస్త్రి చదివాడు, “ఆ రోజు నేను ఊళ్ళో లేను.”

“ఆపండి” అందామె.

ఆపాడు.

“వాడు అరనిమిషం మాట్లాడాడు. మధ్యలో ఏడ్చాడు. మీరు నాలుగు ముక్కల్లో తేల్చారు. మిగతా గుడ్డంతా ఏమైంది?”

“వాళ్ళ భాషే అంతేనే, పొడుగు.”

“ఇన్నాళ్ళూ లేని పొడుగు ఇవాళొచ్చిందా? కళ్ళకి కట్టారు గానీ చెవులకి కట్టలేదండీ.”

ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన మెడలో టేపు పట్టుకుంది.

“నాకు చదివినవాటిల్లో ఇంకేం కత్తిరించారు?”

ఏమీ లేదనొచ్చు. ఆ రెండు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. మేస్త్రి టేపు మెడలోంచి తీసి ఆమె చేతిలోనే వదిలేసి, సొరుగులోంచి ఆసుపత్రి కాగితం తెచ్చాడు. పైనుంచి మొదలెట్టాడు. ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు, ఆదివారం సెలవు, చుక్కలమందు రోజుకి నాలుగుసార్లు. ఆ రెండు వాక్యాలూ వచ్చాయి. చదివాడు.

ఆమె టేపుని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

“పది రోజులు” అంది. “కోట్ల వరస చెబుతుంటే వింటూ కూర్చున్నారు.”

“ఊఁ.”

“గళ్ళ కోటు ముందు పట్టమని సలహా కూడా ఇచ్చారు.”

“నువ్వు హుషారుగా ఉన్నావని...”

“నా చెయ్యి, నా సూది. మానాలో, కుడికంటితో కుట్టాలో నేను చూసుకునేదాన్ని. ఈ పది రోజులూ అదే ఆలోచించుకునేదాన్ని.”

మేస్త్రి తల ఊపాడు. అది ఆమెకు కనబడదని గుర్తొచ్చి, “అవును” అన్నాడు.

“వెనక్కి జరిపి పెట్టండి. వాడు నిజంగా ఏమన్నాడో చదవండి” అందామె.

చదివాడు. తమ్ముడి సంగతి, అక్క సంగతి, తను నోరు మూసుకున్న సంగతి, అంతా. ట్యాబులో తలుపు చప్పుడైంది.

“వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిపోయింది.”

“అదృష్టవంతురాలు. తలుపెటుందో దానికి కనబడుతోంది.”

మేస్త్రి స్టూలు మీద కదిలాడు, లేవబోయాడు, కూర్చున్నాడు.

“నాకు కోపం తగ్గలేదు” అందామె. “తగ్గిందని ఎక్కడా చదవకండి. ఊఁ, తర్వాత?”

మేస్త్రి చదవడం మొదలుపెట్టాడు. ఒక్క అక్షరం వదల్లేదు. మాటలేమీ లేనిచోట ‘విషాద సంగీతం’ అని పడితే, దాన్నీ చదివాడు.