మొహం చూసి మాట్లాడండి

మూడో అంతస్తులో ఇద్దరిని దింపి, జాలీ గేటు లాగి, బటను నొక్కేసరికి లిఫ్టాయన వేలి చెమట బటను మీద మరకలా నిలిచిపోయింది. కోటు అంచుతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ నొక్కాడు. గడియారం పది దాటింది. పదకొండున్నరకి ఐదో అంతస్తులో ఆయనకి ఇంటర్వ్యూ.

పక్కనే కొత్త లిఫ్టు తళతళలాడుతోంది. దానికి మనిషితో పనిలేదు. ఈ సాయంత్రం ఐదింటికి పాతదాన్ని ఆపేస్తారు. భవనం కొన్నవాళ్ళు కింద హాల్లో ఒక బల్ల వేసి, వచ్చేపోయేవాళ్ళని పలకరించి దారి చెప్పడానికి ఒక మనిషిని పెడతారట. ఆ బల్ల దగ్గర కుర్చీ దొరికిందా, సరేసరి. లేకపోతే ఈ వయసులో ఎవరి గుమ్మం ఎక్కాలి? ఇంట్లో కుట్టుమిషను ఆగిపోయి ఏడాది అయింది. భార్య ఎడమకంటికి పొర కమ్మేసింది, కుడికన్ను కూడా అదే దారిలో ఉంది.

ఆవిడే దరఖాస్తు పెట్టించింది. ఆవిడే పొద్దున్న గరిటె చేత్తో పట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఆఫీసరైపోయింది.

"మీ గురించి చెప్పండి."

"నీకు తెలీనిదేముందే?"

"నేను ఆఫీసర్ని. నాకేం తెలీదు."

"మరి ఆఫీసరుగారికి పొద్దున్నే నీళ్ళు తోడిపెట్టిందెవరు?"

"వేళాకోళాలు చాలు. నా మొహం చూసి మాట్లాడండి, గోడకేసి కాదు. నాకు సరిగా కనపడకపోయినా, మీరు చూస్తున్నారో లేదో తెలిసిపోతుంది."

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇరవయ్యారేళ్ళ కిందట, చేరిన రోజున, అప్పటి మేనేజరు ఒకే ఒక్క ముక్క చెప్పాడు. "నీ చూపు బోర్డు మీదే ఉండాలి. ఎక్కినవాళ్ళ మొహాల్లోకి చూశావో, అదే నీకు ఆఖరు రోజు." ఆయన హడలిపోయి ఆ ముక్కని అలాగే పట్టుకున్నాడు. మేనేజరు పోయాడు, ఇంకో ఇద్దరు వచ్చి పోయారు. ఈయన మాత్రం బటన్ల బోర్డు ముందు కర్రకుర్చీ వేసుకుని, జనానికి వీపు పెట్టి కూర్చునే ఉన్నాడు. మనుషుల్ని చెప్పుల చప్పుడుతోనూ దగ్గుతోనూ గుర్తుపట్టేవాడు. రెండో అంతస్తు లెక్కలాయన కాలు ఈడుస్తాడు. టైపు చేసే అమ్మాయి ఎక్కగానే నిట్టూరుస్తుంది. వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయని అడిగితే నిజంగా చెప్పలేడు.

పదకొండుంపావుకి ఊడ్చే ఆవిడ వచ్చి చీపురు గోడకి ఆనించింది.

"నేను చూసుకుంటాలే అన్నా, వెళ్ళు. ఏంటా వణుకు? నిన్నేమన్నా కొరుక్కు తింటారా?"

"తిన్నా బాగుండు, ఒక్కసారితో అయిపోతుంది" అన్నాడు. నవ్వబోతే పెదవులు కదల్లేదు. కోటూ టోపీ కొక్కేనికి తగిలించి, ఇస్త్రీ చొక్కాతో మెట్లెక్కాడు.

గదిలో పొడవాటి బల్ల. దానికింద మూడు జతలు: గోధుమరంగు బూట్లు, ఎత్తుమడమల చెప్పులు, తెల్లబూట్లు. అంతవరకే చూడగలిగాడు. లోపలికి వచ్చి తలుపు మూశాడు. ఆ తరువాత కాళ్ళు వాటంతట అవే పక్కకి నడిచాయి. తలుపు పక్కన గోడకి స్విచ్చుల బోర్డు ఉంది. దాని ముందు, బల్లకి వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

తెల్లబూట్లాయన కిసుక్కుమన్నాడు.

"ఇటండీ, ఇటు తిరగండి" అంది గోధుమబూట్ల గొంతు.

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి, కుర్చీ అంచున కూర్చుని, బల్ల అంచు మీదున్న గీత ఒకదాని మీద చూపు నిలిపాడు.

"వచ్చినవాళ్ళని ఎలా పలకరిస్తారు?"

"ఏ అంతస్తండీ... అని అడుగుతానండీ."

"ఆ తరవాత?"

"తరవాత... చేరుస్తానండీ."

చెప్పాల్సింది చాలా ఉంది. ఒకసారి కరెంటు పోయి నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోతే, నిండు గర్భిణి ఒకావిడ కేకలు పెట్టింది. గంటన్నరసేపు ఆవిడ చేత పుట్టబోయే బిడ్డకి పేర్లు చెప్పిస్తూ కూర్చున్నాడు, వెనక్కి తిరక్కుండానే. అది చెప్పాలని నోరు తెరిచాడు. గీతకేసి చూస్తూ మళ్ళీ మూసేశాడు.

"సరే, కబురు చేస్తాం" అన్నారు.

ఒంటిగంటకి ఐదో అంతస్తులో గంట మోగింది. కోటూ టోపీతో ఆయన ఎప్పటిలాగే బోర్డుకేసి తిరిగి ఉన్నాడు. గేటు తీయగానే ముందు ఎత్తుమడమలు, వెనక తెల్లబూట్లు, ఆఖరున గోధుమబూట్లు ఎక్కాయి.

"గ్రౌండు."

నొక్కాడు. లిఫ్టులో ఎక్కినవాళ్ళకి లిఫ్టాయన ఏనాడు కనిపించాడు గనక!

"గోడతో ఇంటర్వ్యూ ఇచ్చాడే, ఆయన్ని తలుచుకుంటేనే నవ్వొస్తోంది సార్" అన్నాడు తెల్లబూట్లాయన.

"పాపం, మంచివాడిలాగే ఉన్నాడు" అంది ఆవిడ.

"మంచివాడైతే? మన ముగ్గురిలో ఒక్కరి మొహమైనా చూశాడా? ఆయన పలకరిస్తాడా జనాన్ని! పేరు కొట్టేయండి" అంది గోధుమబూట్ల గొంతు.

మూడు. రెండు. ఒకటి. బోర్డు మీద అంకెలు అలుక్కుపోయాయి. లిఫ్టు ఆగింది, గేటు లాగాడు. భయం పోలేదు, ఇంకా పెరిగింది. ఆ భయంతోనే కుర్చీలోంచి లేచి, కుర్చీని కూడా గేటుకేసి తిప్పి, వాళ్ళకేసి తిరిగాడు.

గోధుమబూట్లాయన గొంతుని బట్టి అనుకున్నదానికన్నా వయసులో చిన్నవాడు. గడ్డం గీసుకుంటుంటే తెగిన చోట చిన్న గాటు ఉంది. ఆవిడ కళ్ళద్దాల వెనక కళ్ళు అలసిపోయి ఉన్నాయి. తెల్లబూట్లాయనకి ఇంకా మీసాలు సరిగా రాలేదు.

"గుమ్మం దగ్గర ఎత్తుందండీ. చూసి దిగండి" అన్నాడు ఒక్కొక్కరి మొహంలోకీ చూసి.

"మీరు... ఇందాక మీరేనా?" అంది ఆవిడ.

"నేనేనండీ."

గోధుమబూట్లాయన తన బూట్లకేసే చూసుకుంటూ దిగిపోయాడు. మిగతా ఇద్దరూ ఆయన వెనకే వెళ్ళారు.

ఐదు దాకా ఎదురుచూశాడు. లిఫ్టు గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. ఏ కబురూ రాలేదు. ఐదింటికి కరెంటు పనాయన వచ్చి, "ఇక ఆపేయమన్నారు పెద్దాయనా" అని ఫ్యూజు లాగేశాడు. లిఫ్టాయన కోటు మడతపెట్టి అతని చేతికిచ్చాడు. వీధిలోకి వచ్చాడు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? ఉద్యోగం సంగతి భార్య తరవాత అడుగుతుంది. మొహాలు చూశారా అన్నది ముందు అడుగుతుంది. చూశానే, ముగ్గురివీ చూశాను. ఆ ఒక్క మాటనీ దారంతా పెదాల మీదే వల్లెవేసుకుంటూ నడిచాడు.

వెనక, దీపం ఆరిన పాత లిఫ్టులో, ఇన్నేళ్ళుగా తన నాలుగు కాళ్ళూ నేల మీద తొలిచిన గుంటల్ని వదిలేసి, కర్రకుర్చీ గేటుకేసి తిరిగి ఉంది.